గీతే మాట్లాడాలి

"నువ్వు మాట్లాడకు. నీ గీత మాట్లాడాలి," అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ అమ్మాయి అప్పటికి "సర్, ఇది..." అని మాత్రమే అంది.

ఆర్కిటెక్చర్ కాలేజీలో ఆఖరి ఏడాది జ్యూరీ అంటే అంతే. ఐదేళ్ల చదువుని గోడకి గుచ్చి, పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. ఎదురుగా కూర్చున్న పెద్దలు దాన్ని ఏకిపారేస్తారు. పోయినేడు ఈ అమ్మాయిని ఫెయిల్ చేశారు. ఈసారీ తప్పితే రిజిస్టర్లోంచి పేరు కొట్టేస్తారు. తాపీమేస్త్రీ కూతురు. ఎప్పుడూ చేతిలో కొలతల టేపు పట్టుకుని తిరుగుతుంది గనక కాలేజీ అంతా ఆమెని 'టేపు' అనే పిలుస్తుంది.

పోయినేడు టేపు చేసిన నేరం పెన్సిల్‌తో గీయడం. ప్రిన్సిపాల్‌కి పెన్సిల్ అంటే ఒళ్లుమంట. "ప్రపంచం మారిపోయింది. గీయడానికి యంత్రం ఉంది. మీరు నేర్చుకోవాల్సిందల్లా తప్పుని పసిగట్టే చూపు!" అని కనిపించిన మైకులోనల్లా ఊదరగొడతాడు. మాటలతో ఆగే మనిషి కూడా కాదు. డ్రాయింగ్ బోర్డులన్నిటినీ పాత సామాన్లవాడికి తూకానికి వేయించాడు. కాలేజీ కొత్త బ్లాకు ప్లానుని సాఫ్ట్‌వేర్ చేత పదకొండు సెకన్లలో గీయించి, పన్నెండో సెకనులో సంతకం పెట్టాడు. దానికి అవార్డు కూడా వచ్చింది. అవార్డు కమిటీకి బయటి నుంచి తీసిన ఫొటోలు సరిపోయాయి.

ఈ ఏటి జ్యూరీకి అంశం ఇచ్చిందీ ఆయనే. 'రేపటి ఆర్కిటెక్చర్ కాలేజీ'.

మధ్యాహ్నం మూడయింది. కర్టెన్లన్నీ మూసేసి, లైట్లన్నీ వేసుకుని కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌కి కుడిపక్క గైడ్ మేడమ్. ఏడాది పొడుగునా టేపు రికార్డు మీద సంతకాలు పెట్టిన ఆవిడ ఈ షీట్లని చూడటం మాత్రం ఇదే మొదలు. ఎడమపక్క బయటి నుంచి పిలిపించిన పెద్ద ఆర్కిటెక్టు. ఆయన ఇరవై నిమిషాలు ఆలస్యంగా, ఆయాసపడుతూ వచ్చాడు. పెద్దవాళ్లు ఆలస్యంగానే వస్తారు కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు.

గోడ మీద నాలుగు షీట్లు. మళ్లీ పెన్సిలే. కింది మూలన చిన్న అక్షరాల్లో ఏదో రాసి ఉంది. చదవాలంటే వంగాలి. ముగ్గురిలో ఎవరికీ ఆ అలవాటు లేదు.

పెద్ద ఆర్కిటెక్టు మొదలుపెట్టాడు. "క్లాసులన్నిటికీ కిటికీలు పడమటికేనా? ఎండలో పిల్లల్ని వేపుకు తిందామనా?"

"సర్, అది..."

"గీత!" అన్నాడు ప్రిన్సిపాల్ చూపుడువేలెత్తి.

గైడ్ మేడమ్ ముక్కున వేలేసుకుంది. "అయ్యో రామ! టాయిలెట్‌కి లైబ్రరీలోంచి వెళ్లాలా? ఆడపిల్లవి, నీకైనా తట్టలేదా?"

"ఈ కారిడార్ చూడండి మేడమ్," అన్నాడు పెద్ద ఆర్కిటెక్టు. "తిరిగి తిరిగి స్టోర్‌రూమ్ దగ్గర తేలింది. కొత్తగా వచ్చినవాడికి ఏ గది ఎక్కడుందో ఆ దేవుడే చెప్పాలి."

"మూడంతస్తులకీ కలిపి ఒక్క మెట్లదారి!" ప్రిన్సిపాల్ గొంతు పెరిగింది. "మంటలొస్తే మూడొందల మంది ఎటు పోతారు? చెప్పు. వద్దు, చెప్పకు!"

ముగ్గురికీ మంచి హుషారొచ్చింది. ఎర్ర మార్కరు చేతులు మారింది. నాలుగు షీట్లూ చూస్తుండగానే ఎర్రబడ్డాయి. టీ వచ్చింది, ఎప్పట్లాగే చల్లారిపోయి వచ్చింది. ఒక్క గుక్కలో తాగేసి మళ్లీ తగులుకున్నారు.

టేపుకి ఏడుపొచ్చింది. పొద్దున నాన్న పని మానుకుని మరీ గేటుదాకా దిగబెట్టాడు. "భయపడకమ్మా. కొలిచింది కొలిచినట్టు చెప్పెయ్," అన్నాడు. చెప్పనిస్తే కదా!

"సర్, ఒక్క నిమిషం వినండి..."

ప్రిన్సిపాల్ వినలేదు. మిగతా ఇద్దరివైపూ తిరిగాడు. "చూశారా? చేత్తో గీస్తే ఇలాగే తగలడుతుంది. అదే మన సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పి ఉంటే ఇందులో ఒక్క తప్పైనా దొర్లేదా?"

"ఛఛ, ఎలా దొర్లుతుంది సార్," అంది గైడ్ మేడమ్.

ప్రిన్సిపాల్ జ్యూరీ రిజిస్టరు ముందుకి లాక్కున్నాడు. పైకి చదువుతూ రాశాడు. "ఈ కట్టడం పాఠాలు చెప్పడానికి కాదు గదా, పశువుల్ని కట్టేయడానికి కూడా పనికిరాదు. ఇందులో మనుషుల్ని కూర్చోబెట్టడం నేరం. గీసినవారికి బుర్ర లేదు. చూసి సంతకం పెట్టినవారికి కళ్లు లేవు."

ఆ చివరి మాట గైడ్ మేడమ్‌కి చురుక్కుమంది. అయినా సంతకం పెట్టింది. పెద్ద ఆర్కిటెక్టూ పెట్టాడు. ప్రిన్సిపాల్ ఆకుపచ్చ ఇంకుతో పెట్టి, దాని మీద కాలేజీ ముద్ర గట్టిగా గుద్దాడు. ఒక కాపీ యూనివర్సిటీకి, ఒక కాపీ నోటీసు బోర్డుకి పంపమని అటెండరుకి ఇచ్చేశాడు.

అప్పటిగ్గానీ ఆయన మనసు కుదుటపడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మెడ చుట్టూ చెమట తుడుచుకున్నాడు.

"ఊఁ, ఇప్పుడు చెప్పమ్మా. ఇందాకట్నుంచీ ఏదో చెప్పాలని తెగ ఇదైపోతున్నావు."

టేపు కళ్లు తుడుచుకుంది.

"సర్, నా డిజైను ఇంకా పెట్టనేలేదు, ఇప్పటిదాకా మీరు చూసింది మనం కూర్చున్న ఈ కొత్త బ్లాకునే, నేను ఉన్నదున్నట్టు కొలిచి గీశానంతే."