పెద్దాయన లేకపోతే నడవదు

మేనేజరు గదిలోంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు పెద్దాయన. కూతురి కాన్పుకి సెలవు దొరకలేదు.

"బిల్లింగ్ ప్రోగ్రాం నేను తప్ప ఇంకెవరూ ముట్టుకోలేరట. నేను లేకపోతే ఆఫీసే నడవదట!" అన్నాడు. అంత బాధలోనూ మీసం కాస్త పైకి లేచింది.

పక్క సీటు అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది.

"నువ్వెక్కడికి?"

"ఊరికే, అక్కని చూసొద్దామని. అడగడమే ఆలస్యం, వారం సెలవు ఇచ్చేశారు గురువుగారూ."

"ఎందుకివ్వరు? నువ్వు రాసిన కోడ్ ఎవరైనా చదివేస్తారు. నా దాంట్లో వేలు పెట్టమను, చూద్దాం!"

"ఎవరు పెడతారు? కోడ్‌లో అన్నిటికీ ఎక్స్, వై అని మీకు తప్ప అర్థంకాని పేర్లు పెట్టి, ఎవరూ రాకుండా తాళం వేసేశారుగా." ఆమె జిప్పు లాగుతూ నవ్వింది. "లోపల మీరూ ఉండిపోయారు, అదే చిక్కు."

మీసం దిగిపోయింది. పెద్దాయన తన స్క్రీన్ మీద బిల్లింగ్ ప్రోగ్రాం తెరిచాడు. తర్వాత కుర్చీ పక్కకి జరుపుకుని, ఎవరినీ తాకనివ్వని కీబోర్డుని ఆమె వైపు తోశాడు.

"బస్సుకి ఇంకా టైముందా తల్లీ?"

"ఉంది. ఏం?"

"కాన్పు వచ్చే నెల. ఈలోగా నన్ను బయటికి లాగెయ్."