యజమానికి ముందు సూది

“గడ్డి మానేసింది ఎద్దయితే, సూది నాకెందుకయ్యా ఎర్రయ్యా?” రాఘవులు విసుక్కున్నాడు.

పశువుల వైద్యుడు ఎర్రయ్య తొణకలేదు. రాగి సూదిని దీపం సెగకు తిప్పుతున్నాడు.

“మా తాతల నాటి కట్టుబాటండి. యజమాని ఒంట్లో దిగని సూది పశువుకి దించం. నొప్పెంతో మీకూ తెలియాలి కదండీ.”

రాఘవులు తల పట్టుకున్నాడు. కాలవ నీళ్ళు కొత్తపేట వైపు వచ్చిన రెండో ఏడది. ఊరంతా దమ్ములు చేసి నాట్లు వేసుకుంటోంది. తన నారు మాత్రం మడిలోనే ముదిరిపోతోంది. ఇంకో వారం ఆగితే అది పశువుల మేతకు తప్ప పనికిరాదు. ఇక ఏడాదంతా పస్తులే. మేత మానిన ఎద్దుకు కాడి కడితే పొలంలోనే కూలబడుతుందని భయం. ఉన్నదా ఒక్క జతే. దీనికితోడు శివరాత్రి నుంచీ నడుం పట్టేసి మనిషి సగానికి వంగిపోయాడు. నడుం నొప్పికి కూడా వైద్యమేమిటని, చెప్పినవాళ్ళనల్లా కసిరేవాడు.

“ఎక్కడ దించుతావు?”

“మేత మానితే వెన్ను పక్కనండి. మీకూ అక్కడే.”

“చిట్టెమ్మా, వింటున్నావా ఈ చోద్యం?”

భార్య గుమ్మంలోంచే అంది. “ఎద్దు దక్కాలా, వద్దా? బోర్లా పడుకోండి.”

పడుకున్నాడు. పళ్ళు బిగబట్టి ఎర్రయ్య వంశాన్నంతా తిట్టాడు. తరవాత ఎద్దుకూ సూదులు పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే గడ్డి వేశాడు. ఎద్దు వాసన చూసి మొహం తిప్పేసుకుంది. మళ్ళీ ఎర్రయ్య, మళ్ళీ సూదులు. మూడోనాడూ అంతే, నాలుగోనాడూ అంతే.

“దీనికి తగ్గేలోపు నేను జల్లెడైపోతాను. నీకసలు వైద్యం వచ్చా?”

“వచ్చండి. ఈ ఎద్దుకే ఎందుకో పనిచెయ్యట్లేదండి.” ఎర్రయ్యకూ ఓపిక సన్నగిల్లింది.

ఆరోనాడు గడ్డి వేసీ వేయగానే ఎద్దు పరపరా నమిలేసింది. రాఘవులు ఒక్క క్షణం ఆగలేదు. నాగలి భుజాన వేసుకుని, ఎద్దుల్ని అదిలిస్తూ బయల్దేరాడు. వీధిలో ఎర్రయ్య ఎదురుపడ్డాడు.

“ఆరు రోజులు పట్టిందయ్యా నీ వైద్యానికి,” అని దులిపేసి, గట్టు మీద నిటారుగా, పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోయాడు.

ఎర్రయ్య చిన్నబోయిన మొహంతో వాకిట్లోకి వచ్చాడు. “నా చేతిలో ఏ పశువైనా రెండోరోజుకి తిరుక్కుంటాదమ్మా. దీని రోగమేంటో నాకిప్పటికీ అంతుపట్టలేదు.”

చిట్టెమ్మ గట్టు వైపే చూస్తోంది. కళ్ళు తుడుచుకుంది.

“ఆయన లేచేలోపే కడుపునిండా తవుడు పెట్టేస్తుంటే, ఇంక గడ్డేం తింటాది బాబాయ్?”