ఆఖరున లేచిన చెయ్యి

ఊళ్లోని లాండ్రీల యజమానులూ పనివాళ్లూ కలిసి కూర్చుని ఒకే జీతం ఖాయం చేసుకోవాలని కొత్త చట్టం వచ్చింది. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరూ ఆ జీతమే ఇవ్వాలి. ఒప్పందం కుదిరిన వారానికే ఒక చిన్న లాండ్రీ యజమానురాలు ఇస్త్రీ పెట్టె ఆపేసి, "ఆ కొత్త జీతం ఇచ్చుకోలేను. ఒకటో తారీకు నుంచి మూసేస్తున్నానే," అంది.

పదహారేళ్లుగా అక్కడ ఇస్త్రీ చేస్తున్న ఆవిడ బట్టల మూట మీద కూలబడింది.

"నాకు పాత జీతమే ఇవ్వక్కా. మూడో కంటికి తెలియనివ్వను."

"అది నేరమే, పిచ్చిదానా."

"అంతా నావల్లే. ఆ సమావేశంలో పనివాళ్ల తరఫున నోరు విప్పింది నేనే కదా. కాళ్ల వాపులు, డబ్బుల్లేక మందులు మానెయ్యడం, అన్నీ చెప్పి నా నోటికాడి కూడు నేనే కాలదన్నుకున్నాను."

యజమానురాలు ఆమె పక్కనే కూర్చుంది. ఉబ్బిన ఆ పాదాలకేసి చాలాసేపు చూసింది.

"ఇన్నేళ్లూ నా ఎదురుగానే నిలబడ్డావు. నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావక్కా అని..."

"ఆ సమావేశంలోనే మొదటిసారి విన్నాను. చేతులెత్తమంటే యజమానులు సగానికి సగం చీలిపోయారు," అంది యజమానురాలు. "ఒప్పందం నెగ్గేలా ఆఖరున లేచిన చెయ్యి నాదేనే."