తొమ్మిది రోజుల మరమ్మతు

తొగాషి నిచ్చెన దిగి, తల అడ్డంగా ఊపాడు.

"ఇవాళా వెలగలేదా?" అంది నాబె అవ్వ.

"లేదవ్వా. లోపలెక్కడో తేడా ఉంది."

"దీపంలోనా, నీలోనా?" అన్నాడు వల బాగుచేసుకుంటున్న సెయ్‌కిచి.

తొగాషి నవ్వాడు. నిచ్చెన భుజాన వేసుకొని మరో స్తంభం దగ్గరికి నడిచాడు.

తుపాను దెబ్బకు, తీరం పొడవునా హోటలువాళ్ళు పెట్టించిన దీపాలన్నీ ఆరిపోయాయి. బాగుచెయ్యమని పెద్ద దీవి నుంచి పడవలో పంపించారితన్ని. అరవై దాటిన మనిషి. హోటల్లో గదులు ఖాళీ లేక నాబె అవ్వ ఇంట్లో దిగాడు. వచ్చి నాలుగు రోజులైంది, ఒక్క దీపం వెలగలేదు.

అవ్వకు అదే పండగ.

మొగలి పొదల కింద తాబేలు గూడు ఉంది. ఈ ఏడాదికి అదొక్కటే. పోయినేడు పిల్లలు ఇసుకలోంచి పైకి వచ్చి, సముద్రం వదిలేసి దీపాల వైపు పాకాయి. తెల్లారి కార్లు తిరిగే దారి మీద అవ్వ వాటిని చేటలోకి ఏరింది. ఒక్కటీ కదల్లేదు.

ఈసారీ అంతే అయితే గూటికి కాపలా ఉండటం మానేస్తామని ఊరంతా చెప్పేసింది. కాపలా లేకపోతే ఆ ఇసుకలో హోటలు కుర్చీలు పడతాయి.

అందుకని అవ్వ ఊరి దేవత తోపులోకి వెళ్ళి మొక్కింది. ఆ తోపులో మగవాళ్ళు అడుగుపెట్టరు. దేవతతో మాట్లాడే హక్కు అమ్మమ్మ నుంచి అవ్వకు వచ్చింది. మొక్కిన మూడోనాడు తుపాను, దాని వెనకే చీకటి. ఇంకేం కావాలి?

"అవ్వా, నీ దేవత ఆ ముసలాయన చేతులు కట్టేసినట్టుంది," అన్నాడు సెయ్‌కిచి.

"కట్టెయ్యకపోయినా అంతే. వచ్చిన పూట అన్నం దగ్గర ఒకటే ప్రశ్నలు. గూడెక్కడ, పిల్లలు ఎప్పుడొస్తాయి, దీపాలంటే ఎందుకంత మోజు... నోరాడినట్టు చెయ్యాడితే ఎప్పుడో వెలిగేవి."

"ఏం చెప్పావు?"

"ఏముంది చెప్పడానికి? వాటికి తెలిసిన వెలుగు సముద్రమొక్కటే, మనం తర్వాత వచ్చామన్నాను. కాకరకాయ కూర మళ్ళీ వడ్డించుకున్నాడు."

ఏడోనాడు హోటలు మేనేజరు ఇసుకలోకి దిగాడు. వెనక ఇద్దరు అతిథులు.

"వారం పట్టిందయ్యా. అసలు నీకు పనొచ్చా?"

తొగాషి నడుము వంచి దణ్ణం పెట్టాడు. "తప్పు నాదేనండి. ఇంకొంచెం ఓపిక పట్టండి."

"మా నెత్తిన నిన్ను రుద్దారు."

అతిథులు నవ్వారు. అవ్వా నవ్వింది. ఆ పూట మాత్రం జాలిపడి, చేప ముక్క పెద్దది వేసింది.

తొమ్మిదోనాడు పొద్దున్నే సెయ్‌కిచి కేక విని అవ్వ చెప్పుల్లేకుండా పరుగెత్తింది.

గూడు గుంటపడి ఉంది. అక్కణ్ణించి ఇసుక మీద సన్నసన్న జాడలు, దువ్వెనతో గీసినట్టు. ఎటు చూసినా అన్నీ నీళ్ళ వైపే. అవ్వ మోకాళ్ళ మీద కూర్చుని గూట్లోని పెంకులు బయటికి తీసింది. ఎనభై పైచిలుకు తేలాయి.

దారి మీదికి వెళ్ళి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. తారు తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నానికి అవ్వ ఇంట్లో విందు. సెయ్‌కిచి మూడు తీగల వాయిద్యం అందుకున్నాడు. ముసలీ ముతకా చేతులు పైకెత్తి ఆడారు. అందరూ వరసగా వచ్చి అవ్వ గిన్నెలో సారా పోశారు.

"దేవత నీ మాట వింది, అవ్వా."

"వినక ఏం చేస్తుంది? డెబ్భై ఏళ్ళుగా విసిగిస్తున్నాను."

తొగాషి చెప్పులు విడిచేచోట కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. అంతలో మేనేజరు మనిషొచ్చి, ఈ పడవకే వెళ్ళిపొమ్మన్నాడు. వేరేవాళ్ళను పిలిపించారట.

అవ్వ రేవుదాకా వెళ్ళి నల్లబెల్లం పొట్లం చేతిలో పెట్టింది.

"దిగులుపడకు నాయనా. చేతకాని పని పట్టుకు వేలాడితే ఎవరికైనా ఇంతే. ఇంకేదైనా చూసుకో."

"అలాగే అవ్వా." పడవెక్కుతూ ఆగాడు. "ఒక్కటైనా రోడ్డెక్కిందా?"

"ఒక్కటీ లేదు."

అతను పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అలా నవ్వడం అవ్వ చూడటం అదే మొదటిసారి.

మర్నాటి పడవలో ముప్ఫై ఏళ్ళ అమ్మాయి దిగింది. నడుముకు పనిముట్ల పట్టీ. దీపాల కరెంటు పెట్టె తెరిచిన అరగంటలో తీరమంతా వెలిగింది.

అవ్వ ఆమెను పిలిచి టీ ఇచ్చింది.

"నీ చేతిలో పనుందమ్మా. ముందొచ్చినాయన తొమ్మిది రోజులు తంటాలు పడ్డాడు."

"తంటాలు పడేందుకు ఏముందవ్వా? తుపానుకు పాడైనవన్నీ ముందే బాగుచేసున్నాయి. తీగలు కొత్తవి, పెట్టె కొత్తది. ఒక్క తీగ ఊడదీసి, కొసకు టేపు చుట్టి పక్కన పెట్టారు. దాన్ని తగిలించానంతే."

అవ్వ ఆమె కప్పులో ఇంకాస్త టీ పోసింది.

"ఇంతకీ ఎవరొచ్చారవ్వా?"

"తొగాషి అని... ముసలాయన. పని రాదు పాపం."

ఆ అమ్మాయి కప్పు కింద పెట్టి, అవ్వ మొహంలోకి చూసింది.

"మా అందరికీ ఈ పని నేర్పింది ఆయనే."