చెట్టెక్కిన కోళ్ళు

“సంచీలో కత్తి ఉందా డాక్టరుగారూ?” వీధి తలుపు దగ్గరే అడిగింది పక్కింటి ఓయ్‌జమాల్. “ఈ ఇంటి కోళ్ళకు మందులు దండగ. ఇవాళ వీటిని కొయ్యకపోతే ఎల్లుండికి వీధి వీధంతా తుమ్ముతుంది. మా పెరట్లో నలభై పెట్టలున్నాయి.”

పశువుల డాక్టరు తోహిర్ మోటారుసైకిలు గోడకు ఆనించి, బూట్లకు అంటిన మంచు దులుపుకున్నాడు. ఆ ఇంటి కోడలు హోసియత్ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

“చూసి ఏదో ఒకటి చెప్పు తమ్ముడూ. కానీ మా మామయ్యకు వినపడేలా చెప్పకు,” అంది. “అత్తయ్య ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్న పక్షులివి. ఆవిడ పోయాక ఆయన రోజూ పొద్దున్నే కిటికీలోంచి వీటిని లెక్కపెట్టుకునిగానీ టీ ముట్టరు. ఇవి పోతే ఆయన మంచం దిగరు.”

లోపలి గదిలోంచి నార్మురాద్ తాత దగ్గు వినిపించింది. పొడి దగ్గు. ఆగినట్టే ఆగి, మళ్ళీ మొదలైంది.

“పనిలో పని, ముసలాయన్ని కూడా చూడండి,” అంది ఓయ్‌జమాల్. “కోళ్ళ జబ్బే అంటినట్టుంది.”

“అది దిగులు దగ్గు పిన్నీ,” అంది హోసియత్. “అత్తయ్య పోయినప్పట్నుంచీ, నాలుగు నెలలుగా ఇంతే. పట్నంలో ఫోటో తీసి, ఊపిరితిత్తులకు ఏమీ లేదన్నారు.”

“దిగులు ఫోటోలో పడుతుందా?” అంది ఓయ్‌జమాల్. ఈసారి గొంతు తగ్గించింది.

కోళ్ళగూడు మట్టిగోడలది. చలికి గాలి చొరబడకుండా గుమ్మానికి పాత కంబళి వేలాడదీసి ఉంది. తోహిర్ దాన్ని ఎత్తి, వంగి లోపలికి వెళ్ళాడు. ఒక పెట్ట తుమ్మింది. దాని వెనక ఇంకొకటి. ఒకదాన్ని పట్టుకుని వీపుకు చెవి ఆనించాడు. లోపల గురగుర. కళ్ళ వెంట నీరు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాలు. మొదట చుక్కల పెట్ట ఒక్కటే తుమ్మింది. వారం తిరిగేసరికి ఆరు. ఇప్పుడు గూట్లో ఉన్న పద్నాలుగూను. వాటితో పడుకునే బాతుకు కూడా.”

తోహిర్ బయటికొచ్చి తల పైకెత్తాడు. ఆకులు రాలిన మల్బరీ కొమ్మ మీద ఒక టర్కీ కోడి, రెండు గిన్నీ కోళ్ళు, ఒక ఎర్ర పెట్ట ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నాయి.

“మరి అవి?”

“అవి మొండి ఘటాలు. ఎంత చలేసినా గూట్లోకి రావు.”

“తుమ్ముతున్నాయా?”

హోసియత్ తలెత్తి కొమ్మ వైపు చూసింది. “లేదు.”

“వాటికి మేత, నీళ్ళు వేరేనా?”

“అన్నిటికీ ఒకటే తొట్టి.”

“అంటుజబ్బయితే తొట్టి దగ్గర మర్యాదగా పక్కకు తప్పుకుంటుందా అక్కా?”

అతను మళ్ళీ గూట్లోకి వెళ్ళి కప్పు మీద వేలు రాశాడు. వేలు నల్లగా అయింది. ఆమె వైపు చూపించాడు.

“ఇసిరిక్ పొగ. దిష్టికీ జబ్బుకూ వేస్తాంగా,” అంది హోసియత్. చూరు కింద వేలాడుతున్న ఎండు మొక్కల కట్టల్ని చూపించింది. “అంతా నా తప్పే. అత్తయ్య పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో ఏ సందెకూ మానలేదు, గూటి సంగతే మరిచిపోయా. చుక్కల పెట్ట తుమ్మాకగానీ గుర్తు రాలేదు. అప్పట్నుంచీ రోజూ వేస్తున్నా. తగ్గకపోతే రెండు గుప్పెళ్ళు వేశా. మొన్నటి నుంచి మూడు. ఒక్క పిసరు పొగ వృథా కాకుండా కంబళి గట్టిగా మూసి మరీ.”

తోహిర్ నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి కొంచెం కష్టపడ్డాడు.

“చుక్కల పెట్టకు గడ్డి దుమ్ము పట్టి ఉంటుంది. మిగతావాటికి నువ్వు పట్టావు అక్కా.”

హోసియత్ అక్కడే తొట్టి అంచు మీద కూలబడింది. “కొయ్యక్కర్లేదా?”

“పలావు కోసమైతే కోసి నన్ను పిలువు. జబ్బు కోసమైతే అక్కర్లేదు. మూడు రోజుల్లో తగ్గకపోతే కబురు పెట్టు, అప్పుడు కత్తి తెస్తా.”

కంబళి పీకి పక్కన పడేశాడు. చూరు కింద కట్టలన్నీ ఒక్కటి మిగల్చకుండా తెంపి గోనెసంచీలో కుక్కాడు. “ఇవి ఇంట్లో ఉంటే నీ చెయ్యి ఊరుకోదు. మా అమ్మ ఎలాగూ అడుగుతోంది.” మోటారుసైకిలు వెనక మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి రెండు రోజులూ హోసియత్ చెవి గూటి దగ్గరే ఉంది. మొదటి రోజు తుమ్ములు సగమయ్యాయి. రెండో రోజు బాతు కళ్ళు ఆరాయి. మూడో రోజు తెల్లవారుతూనే వెళ్ళి గూటి ముందు గొంతుక్కూర్చుంది. రెక్కల చప్పుడు, మేత కోసం కొక్కొక్కోలు. అంతే.

గోడ మీంచి ఓయ్‌జమాల్ వేడి రొట్టె అందించింది. “ఏమైంది?”

“ఒక్క తుమ్ము లేదు పిన్నీ.”

“నీ నోట్లో పంచదార పొయ్య. బతికించావు.” ఓయ్‌జమాల్ ఊపిరి పీల్చుకుని చెవి ఒగ్గింది. “అబ్బ, ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందో.”

హోసియత్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

ఈ వేళకు లోపలి గదిలో దగ్గు మోగుతూ ఉండాలి. కిటికీలో తెల్లగడ్డం కనిపించాలి. కిటికీ ఖాళీగా ఉంది.

ఆమె పరుగెత్తలేదు. రొట్టె చేతిలోనే పట్టుకుని నడిచింది. తలుపు తోసింది. మామగారు గోడ వైపు తిరిగి, రజాయి తల మీదికి కప్పుకుని ఉన్నారు.

“మామయ్యా.”

పలుకు లేదు. వంగి భుజం మీద చెయ్యి వేసింది.

రజాయి కదిలింది. ఒక కన్ను తెరుచుకుంది.

“లెక్క సరిపోయిందా?”

“సరిపోయింది మామయ్యా.”

“అయితే ఇంకాస్త పడుకోనీ కోడలుపిల్లా. నాలుగు నెలల్లో ఇంత నిద్ర ఎరగను. ఆ కోళ్ళ డాక్టరు నా దగ్గు కూడా మూటగట్టుకు పోయాడా ఏంటి?”