పోలరాజు ముక్కు

“మొదటిది తీసుకో నాన్నా. తొందరేం లేదు, నిదానంగా చూసి చెప్పు,” అంది హేమ.

పోలరాజు గాజు గొట్టం మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఒకసారి కూతురి మొహంలోకి చూశాడు.

“అరటిపండేనమ్మా. గుమ్మంటోంది.”

రాసుకోబోతున్న ఆరోన్ చేతిలో పెన్ను ఆగిపోయింది. అది మంచినీళ్లు పోసిన గొట్టం.

పటమట దగ్గరున్న ఆ కాలేజీ ల్యాబులో హేమ, ఆరోన్ ఏడాదిగా ఒక బ్యాక్టీరియా జన్యువుల్ని మార్చే పనిలో పడి తిండీ నిద్రా మర్చిపోయారు. చెరువు నీళ్లలో అమ్మోనియా పెరిగితే ఆ బ్యాక్టీరియా అరటిపండు వాసన కొట్టాలి. చేపలు చచ్చి తేలకముందే రైతుకు సంగతి తెలియాలి. వాసనెందుకూ, రంగు మారేట్టు చేద్దామని ఆరోన్ మొత్తుకున్నాడు. హేమ వింటేగా. కొల్లేరు పక్కన వాళ్ల ఊళ్లో దోసెడు నీళ్లు వాసన చూసి చెరువు జాతకం చెప్పే మనిషి ఆమె నాన్న. ఆ ముక్కు మీద ఉన్నంత గురి ఆ పిల్లకు పుస్తకాల మీద కూడా లేదు.

పదిమంది రైతుల్లో తొమ్మిదిమంది ఏ గొట్టంలో వాసన ఉందో సరిగ్గా చెబితేనే జట్టును కాలేజీల పోటీకి పంపుతానన్నారు ప్రొఫెసరు గారు. ఇప్పటికి తొమ్మిదిమంది వచ్చి వెళ్లారు. ఒకరు తప్పారు. ఇక మిగిలింది పోలరాజే. హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి, భార్య పెద్దింట్లమ్మను వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. ఈ రెండేళ్లుగా ఆవిడ లేందే ఆయన చెరువుగట్టు కూడా ఎక్కడం లేదని ఊళ్లో అందరూ ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఈ వయసులో ఆ ముచ్చటేమిటో మరి.

రెండో గొట్టం ఇచ్చారు.

“ఇదీ అరటిపండే.”

మూడోది.

“అబ్బో, ఇందులో ఇంకా ఎక్కువుంది.”

నాలుగోది.

“దీంట్లోనూ ఉందమ్మా. భలే చేశారు.”

నిజానికి వాసన ఉన్నది ఆ నాలుగోదాంట్లో మాత్రమే. వరండాలో ఉన్నవాళ్లకు కూడా తెలిసేంత ఘాటుగా ఉంది.

“అంకుల్, అన్నిట్లోనూ రాకూడదండీ,” అన్నాడు ఆరోన్ మెల్లగా.

“వచ్చిందిగా బాబూ. మా అమ్మాయి చేసింది, రాకుండా ఎట్టా ఉంటది?”

హేమకు ప్రేమా కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తండ్రి చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లింది. వెనకే పెద్దింట్లమ్మ వచ్చింది.

“నేను గెలవాలని అబద్ధం చెప్తున్నావు కదా?”

ఆయన భుజం మీది కండువా సర్దుకున్నాడు.

“నాకు నీ మెప్పు వద్దు నాన్నా, నీ ముక్కు కావాలి. దాన్ని నమ్మే కదా ఇదంతా చేసింది. పోటీ పోతే పోనీ, నేనేం అనుకోను. నిజం చెప్పు.”

పోలరాజు భార్య వైపు చూశాడు.

“చెప్పేయండి. పిల్లకేగా,” అంది పెద్దింట్లమ్మ.

ఆయన కూతురి తల మీద చెయ్యి వేశాడు.

“నాకు వాసన తెలియక రెండేళ్లయిందమ్మా.”