నొప్పి పుస్తకం

"ఈ నాలుగు రోజులూ నొప్పి లేదే! ఏం పెట్టావమ్మా?" నోటుబుక్కులోంచి తలెత్తకుండానే అడిగాడు డాక్టరు.

తమ్ముడి కడుపునొప్పి ఎందుకొస్తోందో తేల్చాలని, మూడేళ్లుగా వాడు తిన్న ప్రతి ముద్దా రాస్తోంది అక్క.

"అప్పుడు నేను ఊళ్లో లేను సార్. వాడే వండుకుని, వాడే రాసుకున్నాడు."

"ఏం తిన్నావయ్యా?"

"రోజూ తినేవేనండీ."

"మరి తేడా ఏంటి?"

తమ్ముడు అక్కవైపు చూడలేదు. "ఎదురుగా కూర్చుని నా నోట్లోకి చూసేవాళ్లు లేరండీ."

అక్కకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పెన్నుకి మూత పెట్టింది.

ఇంటికొచ్చాక వాడికి వడ్డించి, వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. అవతల చెంచా చప్పుడు... ఒకటి, రెండు, మూడు...

లెక్కపెడుతున్నానని తెలిసి, ఆ చప్పుడు వినబడకుండా కుళాయి తిప్పేసింది.